జాకీయే పెద్దది

హౌరాలో సాయంత్రం బయల్దేరే బ్యాండెల్ లోకల్లో, వెనకనుంచి మూడో పెట్టెలో కిటికీ పక్కన ఎదురెదురుగా ఉండే నాలుగు సీట్లు మావి. ఎవరూ రాసివ్వలేదు, అయినా మావే. తెలియక ఎవరైనా కూర్చుంటే లిలువా దాటేలోపు వాళ్లకే ఏదో తప్పు చేసినట్టనిపించి లేచిపోతారు. మోకాళ్ల మీద తువ్వాలు పరిచి ట్వంటీనైన్ ఆడుకుంటూ ఇళ్లకు చేరతాం. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. ఆ ఆటలో జాకీ అన్నిటికన్నా పెద్దది, దాని తర్వాత తొమ్మిది. ఆసూ, రాజూ, రాణీ వాటి కింద పడుండాల్సిందే. మా లైన్లో నిద్రపోతున్న వాణ్ణి లేపి అడిగినా ఈ సంగతి చెబుతాడు.

నా జతగాడు భూదేబ్ సాంత్రా, మా అందరికీ భూదేబ్‌దా, అంటే భూదేబ్ అన్న. స్ట్రాండ్ రోడ్డులో తేయాకు గిడ్డంగి గుమాస్తా, చందన్‌నగర్‌లో దిగుతాడు. మనిషి వెన్న, మాట మాత్రం కోత. ఎప్పుడో కుర్రతనంలో ఆయన పట్టిన ఇలిష్ చేప ఇప్పటికీ ఏటేటా పెరుగుతూనే ఉంది.

ఆయన కూతురు మితుల్ వెల్లూరులో నర్సింగు చదువుతోంది. వెళ్లి ఏడాది దాటింది. రోజూ గంటసేపు నాతో మాట్లాడకుండా నిద్రపోదు అనేవాడు. మేం పక్కనే కూర్చుంటాం కదా. కోన్నగర్‌లో మోగిన ఫోను రిష్రా రాకముందే అయిపోయేది. తిన్నావా, తిన్నాను, ఎండగా ఉందా, ఉంది, సరే. ఆ తర్వాత ఆయన ఫోనుని చొక్కా జేబులో పెట్టుకుని, దానిమీద అరచెయ్యి ఆనించి, రెండు స్టేషన్ల దాకా ఒక్క కోతా కోసేవాడు కాదు. ఆ రెండు స్టేషన్లూ మాకు కష్టంగా గడిచేవి. ఈ మధ్య రైల్లో ఆ ఫోను కూడా రావడం మానేసింది. విచిత్రమేమిటంటే, భూదేబ్‌దా మునుపటికన్నా హుషారుగా ఉన్నాడు. పిల్ల సంగతి అడగడానికి మాకు నోరు రాలేదు.

మూడోవాడు తారాపద కుండు, హోమియోపతి మందుల షాపులో పని. మాటలు కూడా చుక్కల లెక్కనే వేస్తాడు. నాలుగో సీటు శ్రీపతిబాబుది. ఆయన రిటైరయ్యాక అందులోకి పల్లబ్ బేరా అనే కుర్రాడు వచ్చాడు, కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లికొడుకులా ఇస్త్రీ చొక్కా.

ఆ సాయంత్రం తారాపద ముక్కలు పంచేశాడు. పల్లబ్ తన ముక్కలు ఎత్తలేదు. ఫోనులోకి చూస్తున్నాడు. పోకర్ ఆట ఎక్కించుకున్నాడట, అది ఏ రకం ఆడతావని అడుగుతోందట, టోర్నమెంటని ఒకటి, ఇంకేవో నాలుగైదు. కొత్తవాడు వీటిలో దేంట్లో కూర్చోవాలో ఎవరికైనా తెలుసా అన్నాడు, ఎవరినీ చూడకుండా.

భూదేబ్‌దా చేతిలోని ముక్కల్ని తువ్వాలు మీద బోర్లా పెట్టేశాడు. ఆట ఇక సాగదని మాకు అర్థమైపోయింది. తారాపద ఒక నిట్టూర్పు చుక్క వేశాడు.

“నన్నడిగావు, బతికిపోయావు. ముందు ఇది చెప్పు, డబ్బులు పెట్టావా?”

లేదు కాకు, ఉచిత బిళ్ళలే అన్నాడు పల్లబ్. బాబాయ్ అన్నట్టు మమ్మల్ని కాకు అనే పిలుస్తాడు.

“అయితే సరే. పెట్టుంటే మాత్రం ఆ ఫోను ఇప్పుడే బాలీ కాలవలో ఉండేది, నువ్వు ఏడ్చినా వదిలేవాణ్ణి కాదు. ఇక రెండో సంగతి. మన ట్వంటీనైన్ బుద్ధి అక్కడికి పట్టుకెళ్లకు. పోకర్‌లో ఆసు పెద్దది, తర్వాత రాజు, తర్వాత రాణి. జాకీ నాలుగోది. తొమ్మిదైతే మరీ దిక్కులేనిది. అత్తగారి పేరు మర్చిపోయినా ఫరవాలేదు, ఇది మర్చిపోకు. సరేనా? ఇక ఆ పేర్లు చూసి బెదరకు, అవన్నీ రైళ్లే. టోర్నమెంటు అంటే దూరాలు పోయే మెయిలు, ఎక్కావంటే మధ్యలో దిగడానికి లేదు, అందరి బిళ్ళలూ చివరికి ఒక్కడి దగ్గరికి చేరేదాకా నడుస్తూనే ఉంటుంది. సీట్లు నిండితే కదిలేది ఒకటుంది, అది మన స్టేషను బయటి బ్యాటరీ టోటో బండి. ముగ్గురే కూర్చుని చిటికెలో తేల్చుకునేది ఇంకోటి. ముక్కలు పడెయ్యగానే, అంటే ఆ ఆట నాకొద్దని ఓటమి ఒప్పుకోగానే, నిన్ను ఎత్తి ఇంకో బల్ల దగ్గర కూర్చోబెట్టేది మరోటి. ఇవన్నీ ఎలా తెలుసంటావా, అన్నీ ఎక్కి చూసిన ఒళ్లు ఇది, ఊరికే ఇంత లావవ్వలేదు.”

నువ్వు పోకర్ ఆడతావని మాకెప్పుడూ చెప్పలేదే అన్నాను నేను.

“చెప్పుకోవడం నా స్వభావం కాదు కదా అనాదీ,” అన్నాడు. తారాపదకి పొలమారింది. నిమ్మకాయ టీ అమ్మేవాడు దాటుతుంటే భూదేబ్‌దా నలుగురికీ తీసుకుని, ఊదుకుంటూ మొదలుపెట్టాడు.

“టోర్నమెంటే చెబుతాను, విను. ఒకరోజు ఇదే రైల్లో, ఇదే సీట్లో, మీరెవరూ రాలేదు ఆవేళ, సమ్మె కదా, ఊరికే ఉండలేక ఉచిత టోర్నమెంటులో పేరు కొట్టాను. ఎంతమంది అనుకున్నావు? వేలకి వేలు. నాకేమో అందులో ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలీదు. తెలీనప్పుడు ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు. గిడ్డంగిలో ఇన్నేళ్లు ఉద్యోగం నిలబెట్టుకున్నది ఆ విద్యతోనే. కదలకుండా కూర్చున్నాను, వాళ్లంతా ఒకళ్లనొకళ్లు తినేసుకున్నారు. చందన్‌నగర్ వచ్చింది, దిగడానికి లేదు. బ్యాండెల్ వచ్చింది, బండి ఖాళీ అయింది, షెడ్డులోకి తీసుకెళ్లారు. పెట్టె కడుగుతుంటే కాళ్లు పైకెత్తుకుని ఆడాను. పొద్దున్నే అదే బండి హౌరా వచ్చింది, దిగి ఆఫీసుకెళ్లాను, సంతకం పెట్టాను, మళ్లీ వచ్చి ఎక్కాను, ఆట ఇంకా నడుస్తోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“గెలిచావా కాకు?”

“ఇద్దరం మిగిలాం. భూమ్మీద ఇద్దరం. అవతలివాడి దగ్గర ఓ రాణి, ఏడు. నా దగ్గర రెండు రాజులు. ఒక్క మీట నొక్కితే చాలు. సరిగ్గా అప్పుడు మితుల్ ఫోను చేసింది. ఎత్తాను. తిన్నావా అన్నాను, తిన్నానంది, పెట్టేసింది. చూస్తే ఆటలోంచి నన్ను తీసేశారు. రెండో స్థానం. అందుకే నీకు చెబుతున్నా, టోర్నమెంటు వద్దు. ఫోనొస్తే ఎత్తడానికి వీల్లేని ఆట మనకెందుకోయ్?”

పల్లబ్ నోరు తెరిచి వింటున్నాడు. పక్క సీట్లలో ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగారు. వినేవాళ్లు పెరిగితే భూదేబ్‌దా గొంతులో నూనె పోసినట్టవుతుంది.

“ఆ ముగ్గురాట కూడా చూశాను. మూణ్ణిమిషాల పెళ్లి అది. ఝాల్‌ముడీ కారం మరమరాల పొట్లం కొనుక్కుని ఒక చేత్తో పట్టుకుని మొదలుపెట్టాను. అందులో మిరపకాయ నాలిక్కి తగిలేలోపు అయిపోయింది. గెలిచాననే అనుకుంటాను, కళ్లలో నీళ్లు తిరిగి కనపడలేదు. ఎవరితో ఆడానో, వాళ్లు ఎలాంటివాళ్లో ఏమీ తెలీదు. కోన్నగర్‌లో ఎత్తి రిష్రాలో పెట్టేసే ఫోను లాంటిది.”

ఆ మాట అనేసి ఆయన టీ ఒక గుక్క ఎక్కువే తాగాడు. బయట కోన్నగర్ ప్లాట్‌ఫారం వెనక్కి జరుగుతోంది.

“ఇక ఆ బల్లలు మార్చేది. దాని సంగతి విన్నాక ఎవరికీ చెప్పకండి, పిచ్చివాణ్ణనుకుంటారు. ముక్కలు నచ్చలేదనుకో, పడేశావు, అంతే, ఇంకో బల్ల. అక్కడా నచ్చలేదు, ఇంకో బల్ల. ఎదురుగా ఎవడూ నిలవడు. నా చెయ్యి గురించి తెలుసుగా, టీపొడి పొట్లాలు కట్టిన చెయ్యి. పడేస్తున్నాను, మారుతున్నాను, పడేస్తున్నాను, మారుతున్నాను. నా వేగం ఆ యంత్రానికి అందలేదు. ఒక బల్ల దగ్గరికి వెళ్లేసరికి అక్కడ అప్పటికే ఒకడు కూర్చుని ఉన్నాడు. బట్టతల, కళ్లజోడు, పొట్ట. ఎక్కడో చూసినట్టుందే అనుకున్నాను. ఎవరో తెలుసా? నేనే. పాత బల్ల దగ్గర నేనింకా లేవలేదు, కొత్త బల్లకి మాత్రం వచ్చేశాను.”

“నీతో నువ్వే ఆడావా?” అన్నాను.

“ఆడి ఓడిపోయాను అనాదీ. వాడు మహా కోతలరాయుడు. చేతిలో ఏమీ లేకుండానే ఉన్న బిళ్ళలన్నీ మధ్యలోకి తోశాడు, నేను నమ్మేశాను. ఇంటికెళ్లి మా ఆవిడకి చెబితే, పోనీలే, నిన్ను నమ్మేవాడు ఒకడు దొరికాడు అంది.”

పెట్టె అంతా నవ్వింది. తారాపద కూడా ఒక చుక్క నవ్వాడు. రిష్రాలో ఎక్కినవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే నవ్వారు. పల్లబ్ మాత్రం వదల్లేదు. అయితే ఏది ఆడమంటావు కాకు, అన్నీ వద్దన్నావుగా అన్నాడు.

భూదేబ్‌దా కప్పు కిటికీ బయటికి పారేసి, తువ్వాలు అంచుతో మూతి తుడుచుకుని, ముందుకు వంగాడు.

“వాటన్నిటికీ చివర్న ఇంకొకటుంది చూడు. తీరిగ్గా ఆడే బల్ల. మన లోకల్ లాంటిది, ఎప్పుడైనా ఎక్కు, ఎప్పుడైనా దిగు, ఎంతసేపైనా కూర్చో. అందులోనూ నేను కూర్చునేది తలుపు గడియపెట్టుకుని ఆడే బల్ల. దారినపోయేవాళ్లు రావడానికి లేదు. అక్కడికి వచ్చేవాళ్లెవరనుకున్నావు? ఒకడు రష్యాలో కర్నలు, మీసం ఈ కిటికీ నుంచి ఆ కిటికీ దాకా ఉంటుంది. ఒకావిడ మకావ్‌లో జూదశాల నడుపుతుంది, ఆవిడ తుమ్మితే అక్కడ లైట్లు ఆరిపోతాయి. నాకు ఎదురుగా గుడ్లగూబ. అంటే బొమ్మ గుడ్లగూబ, అసలు మనిషి నార్వేలో ఓడల యజమాని. వీళ్ల మధ్య చందన్‌నగర్ నుంచి నేను, లుంగీ కట్టుకుని, పక్కన దోమలబత్తి పెట్టుకుని.”

“వాళ్లు ఒప్పుకున్నారా?”

“బతిమాలారు. సరే, మొదటిరోజు ఏం చేశానో చెబితే నవ్వుతారు. ఎదురుగా కూర్చున్నవాడు జతగాడు కదా మనకి. అలవాటు ఎక్కడికి పోతుంది? గుడ్లగూబ బిళ్ళలు ముందుకు తోసినప్పుడల్లా, మనవాడే కదా, మనవాడు గెలిస్తే మనం గెలిచినట్టే కదా అని మంచి మంచి ముక్కలు పడేశాను. రెండు రాణులు పడేశాను. ఓసారి రెండు ఆసులు పడేశాను. గుడ్లగూబకి ఏమీ అర్థం కాలేదు. పక్కనుంచి కర్నలు ఏడుస్తున్నాడు, ఇంత దాతని మా సైన్యంలో చూడలేదని. అలా ఇచ్చి ఇచ్చి నా దగ్గర గుప్పెడు బిళ్ళలు మిగిలాయి. అప్పుడు వచ్చాయి నాకు ముక్కలు. ఏవో తెలుసా? ఇస్పేటు జాకీ. ఇస్పేటు తొమ్మిది.”

తెలియకుండానే నా చెయ్యి తొడమీద చరిచింది. ట్వంటీనైన్‌లో ఆ రెండూ పడితే ఎవరైనా లేచి నిలబడతారు.

“చూశావా, అనాదికే ఒళ్లు పొంగింది, నాకు పొంగదా? ఇంకేం ఆలోచించలేదు. ఉన్నవన్నీ తోసేశాను. తోసి, జాకీ తొమ్మిది అని అరిచాను కూడా. లోకంలో ఎవడైనా చేతిలో ఏముందో అరిచి చెప్పి ఆడతాడా? గుడ్లగూబ నవ్వడం మొదలుపెట్టింది. అలాంటి నవ్వు, ఏం చెప్పను, మా వీధిలో కుక్కలు లేచి కూర్చున్నాయి. ఊపిరందక, ఆగి, మళ్లీ నవ్వింది. కుర్చీలోంచి పడినట్టు చప్పుడు కూడా అయింది. చాలాకాలమైందోయ్ అలాంటిది విని.”

ఇక్కడ ఆయన అరచెయ్యి జేబులోని ఫోను మీదికి వెళ్లింది. శేరాంపూర్ వెళ్లిపోయింది, శేవ్‌డాఫులీలో సగం బండి ఖాళీ అయింది. తర్వాత ఏమైంది కాకు అని పల్లబ్ అడిగితేగానీ కదల్లేదు.

“ఆ తర్వాతా? ఓడిపోయాను. కానీ వదిలానా? మర్నాడు కూడా జాకీ తొమ్మిది పట్టుకుని దూకాను. ఆ మర్నాడూ అంతే. జాకీ ఒక్కటి వచ్చినా దూకాను, తొమ్మిది ఒక్కటి వచ్చినా దూకాను. నార్వే దద్దరిల్లిపోయింది. కర్నలు తన పటాలంలో జాకీ బొమ్మ జెండా ఎగరేశాడు. నిన్నయితే చివరి ఘట్టం. నా దగ్గర బిళ్ళలు అడుగంటాయి, ఇక ఒక్క ఆటే. జాకీ తొమ్మిది వచ్చింది. దూకాను. గుడ్లగూబ దగ్గర ఏమున్నాయో తెలుసా? రెండు ఆసులు. ఆ రెండు ఆసుల్నీ, నన్ను చూసి, నా జాకీని చూసి, వణికిపోయి పడేసింది. ఉన్నదానికి ఒక్క అక్షరం కలిపితే నా మీద ఒట్టు. ఆ సంగతి లోకమంతా పాకింది. కంపెనీ పెద్దాయన ఫోను చేశాడు. సాంత్రా బాబూ, మీరు ఊఁ అంటే రేపటినుంచి ప్రపంచమంతా జాకీనే పెద్దది చేసేస్తాం అన్నాడు. వద్దు బాబూ, పాపం అందరూ ఒకలా నేర్చుకున్నారు, ఇప్పుడు మార్చితే పిల్లలు ఇబ్బంది పడతారు అన్నాను. అందుకే చెబుతున్నా పల్లబ్, నువ్వు కూడా ఆ చివరిదాన్లోనే కూర్చో.”

పక్క సీటాయన చప్పట్లు కొట్టాడు. భూదేబ్‌దా మెడ కాస్త వంచి అందుకున్నాడు. పల్లబ్ ఈలోగా ఫోనులో ఆ చివరిదాన్ని తెరిచి చూస్తున్నాడు.

“కాకు, ఇదేదో నంబరు అడుగుతోంది.”

“అడుగుతుంది.”

“బల్ల వేసినవాళ్లు పంపితేనే ఆ నంబరు వస్తుందట. తెలిసినవాళ్లకే పంపుతారట. నీకు ఎవరు పంపారు?”

భూదేబ్‌దా కిటికీలోంచి బయటికి చూశాడు. కర్నలు అన్నాడు, గొంతులో నూనె లేదు. కర్నలుకి నీ నంబరు ఎలా తెలుసు అని పల్లబ్ అడగబోయాడు. వాడి మోకాలి మీద తారాపద చెయ్యి వేశాడు. తారాపద ఇంతసేపూ తువ్వాలు మీది ముక్కల్ని ఒక్కొక్కటే సర్దుతున్నాడు. వాటిలోంచి జాకీని తీసి పైన పెట్టాడు.

“ఇందాక ఈ కుర్రాడికి నువ్వే చెప్పావు, పోకర్‌లో జాకీ నాలుగోదని,” అన్నాడు. “తెలిసీ నిన్న దాన్ని పట్టుకుని ఎందుకు దూకావు?”

చుక్కల లెక్కన మాట్లాడే మనిషి. అన్నేళ్లలో అంత పొడుగు మాట నేను వినలేదు.

“చూపించు,” అన్నాడు తారాపద.

భూదేబ్‌దా జేబులోంచి ఫోను తీసి, తెరిచి, తువ్వాలు మీద ముక్కల పక్కన పెట్టాడు. పచ్చటి బల్ల. రెండే కుర్చీలు. కర్నలు లేడు, మకావ్ ఆవిడ లేదు. ఒక కుర్చీలో ఆయన పేరు. ఎదురు కుర్చీలో గుడ్లగూబ బొమ్మ, కింద మితుల్ అని. దానికింద ఒక చిన్న కబురు ఉంది. బాబా, డ్యూటీ అయిపోయింది. నువ్వు దిగి, అన్నం తినేసి రా. బల్ల వేసి ఉంచుతాను.

మిగతావాళ్లు ఏరి అన్నాడు పల్లబ్, ఆపుకోలేక. భోంచెయ్యడానికి వెళ్లారు అన్నాడు భూదేబ్‌దా. ఎవరం నవ్వలేదు.

తర్వాత ఆయనే చెప్పాడు, మమ్మల్ని కాకుండా కిటికీ ఊచల్ని చూస్తూ. హాస్టల్లో పిల్లలందరూ ఊరికే కాలక్షేపానికి పోకర్ ఆడుకుంటారని విన్నాడట. పిల్ల ఏ ఊబిలో దిగుతోందో అని భయపడి, తనకీ నేర్పమన్నాడట, కనిపెట్టి ఉండొచ్చని. ఉచిత బిళ్ళలే అని తేలాక కూడా మానలేదు. ఫోనులో అయితే తిన్నావా తర్వాత ఇద్దరికీ మాట దొరకదు. బల్ల దగ్గర కూర్చుంటే మాటలకి వాళ్లమ్మ ఫోను తన పక్కన తెరిచి పెట్టుకుని ఇద్దరూ ఆడుతుంటే, మధ్యమధ్యలో మితుల్ వార్డులో ముసలాయన సంగతీ, మెస్సులో సాంబారు సంగతీ, ఒకరోజు భయమేసి ఏడ్చిన సంగతీ, అన్నీ దానంతటదే చెబుతుంది.

“మొదటిరోజు జాకీ పెద్దదనే అనుకున్నానోయ్, అది మాత్రం నిజం. అప్పుడే నవ్వింది. వెళ్లాక అది అలా నవ్వడం అదే మొదలు. తప్పని తెలిశాక కూడా, ఎలా మానను?”

“అమ్మాయికి తెలుసా, నీకు తెలుసని?” అన్నాను నేను.

భూదేబ్‌దా ఫోను తీసుకుని అద్దం చొక్కాకి తుడిచాడు. “నిన్న అబద్ధం చెప్పలేదు అనాదీ. నిజంగానే నా దగ్గర ఆఖరి బిళ్ళలు. ఓడితే ఆట సరి, ఇక పడుకోవడమే. దూకాను. అది నవ్వలేదు. గెలుపు నాకు వదిలేసి, తన ముక్కలు పడేసింది. పడేశాక తిప్పి చూపించే మీట ఒకటుంది, అది నొక్కింది. రెండు ఆసులు. ఇంకాసేపు ఆడదాం బాబా అంది.”

మాన్‌కుండు దాటింది. తారాపద ముక్కలన్నీ కూడబెట్టి సంచిలో వేస్తూ, ఇస్పేటు జాకీని మాత్రం విడిగా తీసి భూదేబ్‌దా చొక్కా జేబులో, ఫోను వెనకాల పెట్టాడు. పేక పాడైపోతుంది అని నేను అనలేదు. పల్లబ్ తన ఫోను ఆపేసి, రేపు నాకు మన ఆటే సరిగ్గా నేర్పండి, నాకు తారాపద కాకు సైగలు తెలియడం లేదు అన్నాడు.

చందన్‌నగర్‌లో బండి ఆగకముందే భూదేబ్‌దా తలుపు దగ్గర ఉన్నాడు. వెనక జనం తోస్తుంటే, కమ్మీ పట్టుకుని, పెట్టె అంతా వినపడేలా ఇటు తిరిగి అన్నాడు:

“ఎవరేం చెప్పినా నమ్మకు పల్లబ్. జాకీయే పెద్దది.”